ఈ-సైకిల్‌కి ఎన్ని గేర్లు కావాలి? బెంగళూరు మిట్టల లెక్కలో 1, 7, 8, 21

బెంగళూరులో ఈ-సైకిల్ కొనడానికి వెళ్ళినవాళ్ళకి ముందు కనిపించేది ఫ్రేము మీద అంటించిన అంకె. 7 స్పీడ్, 8 స్పీడ్, 21 స్పీడ్. అంకె పెద్దదైతే సైకిల్ మంచిదన్నట్టు ధర కూడా మెట్లుమెట్లుగా పెరుగుతుంది. మోటార్ లేని సైకిల్‌కి ఆ లెక్కలో కొంత అర్థం ఉంది. మోటార్ ఉన్నదానికి మాత్రం గేర్లు ఎన్ని అనేకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. మోటార్ ఎక్కడ బిగించారు? వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రానికి పళ్ళు ఎన్ని? ఈ రెండూ తెలిస్తే ఏడా, ఎనిమిదా అన్నది సగం దానంతటదే తేలిపోతుంది.

తొందరలో ఉన్నవాళ్ళకి మా మాట ఇక్కడే చెప్పేస్తాం. బెంగళూరులో ఇంటికీ ఆఫీసుకీ తిరగడానికి, వెనక చక్రం మధ్యలో మోటార్ (హబ్ మోటార్) ఉన్న సైకిల్‌కి, 14-34 పళ్ళ (వెనక చిన్న చక్రానికి 14, పెద్దదానికి 34) 7 గేర్ల సెట్టు సరిపోతుంది. అదే చెన్నైలో అయితే ఒక్క గేరుతో గడిచిపోతుంది. ఊరి బయటి నంది కొండ మీద కన్నుంటే పెడల్ ఇరుసు దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మోటార్, దాంతో 9 లేదా 10 గేర్లు చూసుకోండి. 21 గేర్లు మాత్రం ఎవరికీ వద్దు.

మోటార్ ఎక్కడుంది?

మన దగ్గర అమ్ముడుపోయే ఈ-సైకిళ్ళలో చాలావాటికి మోటార్ వెనక చక్రం మధ్యలో, హబ్‌లో ఉంటుంది. అది చక్రాన్ని నేరుగా తిప్పుతుంది. చైన్‌తో, గేర్లతో దానికి పని లేదు. మీరు మొదటి గేర్లో ఉన్నారో ఏడో గేర్లో ఉన్నారో దానికి తెలియదు కూడా. అంటే హబ్ మోటార్ సైకిల్లో గేర్లన్నీ మీ కాళ్ళ కోసమే.

ఇందులో ఒక చిక్కుంది. హబ్ మోటార్ ఒక మాదిరి వేగంలో తిరుగుతున్నప్పుడే బ్యాటరీ కరెంటును సరిగ్గా పనిలోకి మారుస్తుంది. మిట్ట మీద వేగం 7, 8 కిలోమీటర్లకు పడిపోతే లాగిన కరెంటులో పెద్ద వంతు వేడిగా పోతుంది. గేరు తగ్గిస్తే ఆ మోటార్‌కి నేరుగా ఒరిగేదేమీ లేదు. కానీ కాలు తేలిగ్గా తిరిగితే మీ వంతు బలం పూర్తిగా చక్రానికి చేరుతుంది, సైకిల్ 8 బదులు 11, 12 వేగంలో ఎక్కుతుంది, ఆ వేగంలో మోటార్ కూడా అంతగా వేడెక్కదు. మిట్టలో సరైన గేరు దొరకని హబ్ మోటార్ సైకిల్ బ్యాటరీని ఎందుకు అంత తింటుందో అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం చాలు.

మిడ్ డ్రైవ్‌లో మోటార్ పెడల్ ఇరుసు దగ్గరుంటుంది. మీరు లాగే చైన్‌నే అదీ లాగుతుంది. కాబట్టి గేరు తగ్గిస్తే మీకూ తేలిక, మోటార్‌కీ తేలిక. కొండ ఎక్కడంలో మిడ్ డ్రైవ్‌కి ఉన్న పేరంతా ఇందువల్లే. దానికి కట్టే మూల్యం కూడా అక్కడే ఉంది: ఇద్దరి బలమూ ఒకే సన్నటి చైన్ మీద పడుతుంది, చైనూ పళ్ళూ తొందరగా అరిగిపోతాయి.

సెన్సర్ సంగతి కూడా గేర్లతో ముడిపడిందే. చవక సైకిళ్ళలో పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. పెడల్ కొంత తిరిగాక గానీ మోటార్ అందుకోదు. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే ఆ మొదటి తోపు పూర్తిగా మీదే. సైకిల్ బరువు 20 నుంచి 25 కిలోలు, మీ బరువు, వీపున లాప్‌టాప్ సంచి. అప్పుడు గేరు బరువుగా ఉంటే వెనకున్న ఆటోవాడి హారన్ వినాల్సిందే. తొక్కే బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ ఉన్నవాటిలో పాదం మోపగానే మోటార్ కదులుతుంది, ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది.

పళ్ళ లెక్క

మన దేశంలో మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉన్న ఈ-సైకిల్‌కి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. అందుకే కంపెనీలు 25 దగ్గర మోటార్ ఆగిపోయేలా పెడతాయి. ఈ ఒక్క అంకె గేర్ల ఎంపికని సగం తేల్చేస్తుంది. 25 దాటాక మోటార్ లేదు కాబట్టి 35, 40 వేగం కోసం పెట్టే బరువైన గేర్లు ఈ సైకిల్‌కి దండగ. దిగువలో తొక్కడానికి తప్ప అవి పనికి రావు. బెంగళూరు ట్రాఫిక్‌లో దిగువలో తొక్కేవాళ్ళు ఎవరు?

27.5 అంగుళాల చక్రం, 2.1 అంగుళాల వెడల్పు టైరు ఉంటే ఒక చుట్టుకి సైకిల్ దాదాపు 2.15 మీటర్లు సాగుతుంది. ముందు పెడల్ దగ్గరుండే పళ్ళచక్రానికి, అంటే చైన్‌వీల్‌కి 42 పళ్ళు, వెనక చిన్న పళ్ళచక్రానికి 14 ఉంటే పెడల్ ఒక్క చుట్టుకి చక్రం మూడు చుట్లు తిరుగుతుంది, అంటే 6.45 మీటర్లు. 25 కిలోమీటర్ల వేగంలో కాలు నిమిషానికి 65 చుట్లు తిరిగితే చాలు. చాలామందికి 60 నుంచి 80 మధ్య హాయిగా ఉంటుంది. అంటే 14 పళ్ళే సరిపోయాయి. 11 పళ్ళ చిన్న చక్రం పెడితే అదే వేగానికి కాలు 51 చుట్లే తిరుగుతుంది, అది ఎవరికీ పెద్దగా అవసరం లేదు.

అసలు లెక్క రెండో కొసన ఉంది. మిట్టలో 8 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నారనుకోండి. వెనక పెద్ద చక్రానికి 28 పళ్ళుంటే కాలు నిమిషానికి 41 చుట్లు, 34 ఉంటే 50 చుట్లు. గేరే లేని సైకిల్లో ముందు 44, వెనక 18 పళ్ళుంటే 25 చుట్లు. మిట్ట అదే, వేగం అదే, పని అదే. 50 చుట్లలో చేసే పని 25 చుట్లలో చేయాలంటే ఒక్కో తోపుకి రెట్టింపు బలం పెట్టాలి. మోకాళ్ళ నొప్పి మొదలయ్యేది అక్కడే.

మిట్ట అడిగే పని ఎంతో కూడా చూద్దాం. మనిషీ సైకిలూ సంచీ కలిపి 100 కిలోలు, వంద మీటర్లకి ఆరు మీటర్లు లేచే మిట్ట, వేగం 8. దీనికి దాదాపు 150 వాట్లు కావాలి. 250 వాట్ల మోటార్ ఉంది కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ అంకె మోటార్ తన మంచి వేగంలో ఉన్నప్పటి మాట. నడక కన్నా కొంచెం వేగంలో హబ్ మోటార్ అంత ఇవ్వదు. మిగతాది కాళ్ళదే.

ఒక్క గేరు

దీన్ని చిన్నచూపు చూడకండి. చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే డీరైలర్ లేదు, గేరు తీగ లేదు, వంగడానికి ఆ డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ లేదు. చైన్ వెడల్పుగా, మందంగా ఉంటుంది, అరగడానికి చాలా కాలం పడుతుంది. వానలో బురద పట్టినా ఏమీ జారదు. మూలనున్న ఏ పంక్చర్ షాపువాడైనా దీన్ని బాగుచేయగలడు. పీజీలో ఇరవై బండ్ల మధ్య కుక్కి పెట్టేవాళ్ళకి ఇది పెద్ద ఊరట, ఎందుకంటే పక్క బండి మీద పడినా చెడిపోయేది ఏమీ ఉండదు.

చెన్నైకి ఇది అతికినట్టు సరిపోతుంది. అడయారు నుంచి తిరువాన్మియూరు, అక్కణ్ణించి ఓఎంఆర్ దాకా నేల బల్లపరుపే. ఫ్లైఓవర్లు తప్ప ఎక్కడానికి ఏమీ లేదు. చెన్నైలో మిట్ట లేదు గానీ గాలి ఉంది. మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి ఎదురు వెళ్ళాలంటే 20 వేగంలో, నిటారుగా కూర్చునే సైకిల్ మీద, గాలి ఒక్కదానికే 190 వాట్ల దాకా పోతాయి. ఎదురుగాలి 15 కిలోమీటర్లని లెక్క. గాలి లేనప్పుడు అదే వేగానికి 60 వాట్లు చాలు. ఒక్క గేరున్నవాడు 14, 15కి తగ్గి నెమ్మదిగా వెళ్తాడు, అంతే. అది భరించలేనంత కష్టమేమీ కాదు. పైగా ఉప్పు గాలికి చైనూ గేరు తీగా తుప్పు పట్టే ఊళ్ళో, తుప్పు పట్టే సామాను ఎంత తక్కువుంటే అంత మంచిది.

బెంగళూరులోనూ ఒక్క గేరుతో నడిచే దారులున్నాయి. ఇంటి నుంచి మెట్రో స్టేషన్‌కి రెండు మూడు కిలోమీటర్లు, మధ్యలో పెద్ద మిట్ట లేకపోతే చాలు. కానీ ఈ ఊరు చదునుగా కనిపించే మిట్టల ఊరు. బసవనగుడిలో బుల్ టెంపుల్ రోడ్డు వైపు, మల్లేశ్వరం అడ్డరోడ్లలో స్కూటర్ మీద పోతున్నప్పుడు తెలియని ఎత్తు సైకిల్ మీద తెలుస్తుంది. కొనేముందు మీ దారిని ఒకసారి మామూలు సైకిల్ మీద, లేదంటే నడిచి చూసుకోండి. నడిచేటప్పుడు ఆయాసం వచ్చే చోటు ఉంటే ఒక్క గేరు మీకు కాదు.

థ్రాటిల్ తిప్పుకుంటూ పోతాం, పెడల్ తొక్కం అనేవాళ్ళు గేర్ల కోసం డబ్బు పెట్టడం ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కటి గుర్తుంచుకోండి: ఔటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్ళి దాకా వచ్చాక బ్యాటరీ ఐపోతే 25 కిలోల సైకిల్‌ని ఇంటికి చేర్చేది ఆ గేర్లే.

ఏడు గేర్లు, అందులోనూ రెండు రకాలు

7 గేర్లలో ఎక్కువగా కనిపించేది షిమానో కంపెనీ టూర్నీ వరస. హబ్ మోటార్ మీద మర తిప్పి బిగించే పళ్ళచక్రాల గుత్తి, అంటే ఫ్రీవీల్ ఇది. ఒక రకంలో పళ్ళు 14, 16, 18, 20, 22, 24, 28. ఇంకో రకంలో మొదటి ఆరూ అవే, చివరిది మాత్రం 34. షాపులో రెండిటినీ 7 స్పీడ్ అనే అంటారు. పైన చెప్పిన లెక్కలో 41 చుట్లకీ 50 చుట్లకీ ఉన్న తేడా ఈ ఒక్క చక్రానిదే. రెండు మోడళ్ళు ఒకే ధరకి దొరికి, ఒకదానికి 28, ఇంకోదానికి 34 ఉంటే మారుమాట లేకుండా 34 తీసుకోండి.

34కి ఒక తిక్క ఉంది. 24 నుంచి ఒక్కసారిగా 34కి దూకాలి. మిగతా గేర్ల మధ్య పళ్ళ తేడా పది, పదిహేను శాతం ఉంటే ఇక్కడ నలభై దాటుతుంది. మిట్ట మధ్యలో బలంగా తొక్కుతూ ఈ గేరుకి మారిస్తే చైన్ కరకరమంటుంది, ఒక్కోసారి ఎక్కకుండా అక్కడే ఊగుతుంది. మిట్ట మొదలయ్యే ముందే, కాలు తేలిగ్గా తిరుగుతున్నప్పుడే మార్చేయాలి. హబ్ మోటార్‌లో ఇంకో సౌకర్యం ఉంది: పెడల్ మీద బలం తగ్గించి ఊరికే తిప్పుతున్నా, పెడల్ సెన్సర్ ఉంటే మోటార్ లాగుతూనే ఉంటుంది. ఆ ఒక్క చుట్టులో గేరు మారిపోతుంది.

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పెట్టేవాళ్ళకి ఒక చిట్కా. డీరైలర్ గేరు సైకిల్ నిలబడి ఉంటే మారదు, చైన్ తిరగాలి. రాత్రి ర్యాంపు దిగి వచ్చేటప్పుడు ఎవరైనా ఏడో గేర్లోనే ఉంటారు. అలాగే వదిలేస్తే పొద్దున్నే ఆ నిటారు ర్యాంపుని ఏడో గేర్లో, మోటార్ ఇంకా అందుకోకముందే ఎక్కాలి. సైకిల్ నిలిపే ముందు చివరి పది మీటర్లలో పెద్ద చక్రం మీదకి మార్చి పెట్టండి. సిల్క్ బోర్డు, టిన్ ఫ్యాక్టరీ లాంటి సిగ్నళ్ళ దగ్గరా అంతే. ఎర్ర లైటు కనబడగానే, ఆగకముందే రెండు మూడు గేర్లు దించేయండి.

మీ దగ్గర ఇప్పటికే 28 పళ్ళ సైకిల్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు. 34 ఫ్రీవీల్ వేయించుకోవచ్చు, ఖర్చు పెద్దగా కాదు. వేయించే ముందు డీరైలర్ 34 దాకా మోస్తుందో లేదో చూడాలి. కొన్ని చిన్న డీరైలర్లు 28 తోనే ఆగిపోతాయి, అప్పుడు అదీ మార్చాలి. చైన్‌కి ఒక జత లింకులు కలపాల్సి రావచ్చు. పొట్టి చైన్‌తో పెద్ద ముందు చక్రం, పెద్ద వెనక చక్రం కలిపితే డీరైలర్ ముందుకి సాగిలబడి విరుగుతుంది.

రెండో దారి ముందు చైన్‌వీల్‌ని తగ్గించడం. 42 బదులు 36 పెడితే 28 పళ్ళతోనే కాలు 48 చుట్లకి చేరుతుంది, దాదాపు 34 ఫ్రీవీల్ ఇచ్చేంత తేలిక. పైన 25 వేగంలో కాలు 75 చుట్లు తిరగాలి, అదీ హాయిగానే ఉంటుంది. గేర్ల మధ్య ఆ పెద్ద దూకుడు కూడా ఉండదు. అందుకే ఇది మాకు ఎక్కువ నచ్చుతుంది. ఇబ్బంది ఏమిటంటే చవక సైకిళ్ళలో చైన్‌వీల్‌ని క్రాంక్‌కి (పెడల్ బిగించే కడ్డీకి) రివెట్లు కొట్టి ఉంటారు, మొత్తం క్రాంక్ సెట్టు మార్చాలి. క్రాంక్ లాగేటప్పుడు దాని వెనకున్న పెడల్ సెన్సర్ అయస్కాంతాల బిళ్ళని పగలగొట్టే మెకానిక్కులు ఉన్నారు. పక్కనే నిలబడి చూసుకోండి.

ఎనిమిది, తొమ్మిది

ఇక్కడే చాలామంది మోసపోతారు. 8 గేర్ల పళ్ళచక్రాల సెట్లలో (వీటిని క్యాసెట్ అంటారు) 12-32 పళ్ళది బాగా వాడుకలో ఉంది. మన లెక్కలో పెట్టి చూడండి: ముందు 42, వెనక 32, మిట్టలో 47 చుట్లు. 34 పళ్ళ 7 గేర్ల సైకిల్ ఇచ్చింది 50. అంటే ఒక గేరు ఎక్కువున్న సైకిల్ మిట్టలో ఎక్కువ కష్టపెడుతోంది! కలిసొచ్చిన గేరు పై కొసకి వెళ్ళిపోయింది, అక్కడ మనకి అవసరమే లేదు. 8 గేర్లలో 11-34 దొరికితే అది వేరే సంగతి, తీసుకోవచ్చు.

8 గేర్లకి మారడంలో ఉన్న అసలు లాభం అంకెలో లేదు, బిగింపులో ఉంది. 7 గేర్ల ఫ్రీవీల్‌ని మర తిప్పి బిగిస్తారు, తొక్కే కొద్దీ అది ఇంకా బిగుసుకుపోతుంది. 8 నుంచి పైన ఎక్కువగా క్యాసెట్ ఉంటుంది. అది గాళ్ళలోకి జారి ఒక లాక్‌రింగ్‌తో నిలుస్తుంది, తీయడం తేలిక. ఏది ఉందో షాపులోనే తెలుసుకోవచ్చు. పళ్ళచక్రాలని వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ పట్టే గాళ్ళున్న భాగం వాటితో పాటే తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్.

9 గేర్లలో 11-36 దొరుకుతుంది. మిట్టకి మంచిది, గేర్ల మధ్య అడుగులూ దగ్గరగా ఉంటాయి. చైన్ మాత్రం సన్నబడుతుంది: 6, 7, 8 గేర్లకి ఒకే చైన్, వెడల్పు 7 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. 9కి 6.6 దగ్గర, 10కి 6 లోపు. సన్నటి చైన్‌కి గేరు తీగ సర్దుబాటు కూడా అంత కచ్చితంగా ఉండాలి. రింగ్ రోడ్డు దుమ్ములో, జూన్ నుంచి అక్టోబరు దాకా వానలో రోజూ తిరిగే సైకిల్‌కి ఇది తక్కువ విషయం కాదు.

ఈ-సైకిళ్ళకి గేర్లు పెంచుకుంటూ పోవడం తప్పని పెద్ద కంపెనీలకీ తెలుసు. శ్రామ్ కంపెనీ 2016లో ఈ-సైకిళ్ళ కోసమే ప్రత్యేకంగా ఈఎక్స్1 అనే సెట్టు తెచ్చినప్పుడు, మామూలు మౌంటెన్ సైకిళ్ళు 11, 12 గేర్లకి పోతున్న రోజుల్లో, 8 గేర్లే పెట్టింది. పళ్ళు మాత్రం 11 నుంచి 48. ఒక నొక్కుకి ఒక గేరే మారేలా చేసింది, మోటార్ బలంతో చైన్ ఒకేసారి రెండు మూడు చక్రాలు దూకి తెగకుండా.

ఇరవై ఒకటి ఎందుకు వద్దు

ముందు మూడు చైన్‌వీళ్ళు, వెనక ఏడు. ముందు 42, 34, 24, వెనక 14-28 అనుకుని భాగించి చూడండి. 42కి 28 అంటే 1.5. 24కి 16 అన్నా 1.5. 34కి 18, 42కి 22 రెండూ 1.9 దగ్గరే. 34కి 28, 24కి 20 రెండూ 1.2. ఇలా దగ్గరగా పడ్డవన్నీ కొట్టేస్తే నిజంగా వేరువేరు గేర్లు పదమూడో ఎన్నో మిగులుతాయి. వాటిలోనూ కిందివి రెండు మూడు మోటార్ ఉన్న సైకిల్‌కి మరీ తేలిక, కాలు గిరగిరా తిరుగుతుంది, బండి నడక వేగంలో పోతుంది.

ఈ దండగ కోసం అదనంగా వచ్చేవి ఒక ముందు డీరైలర్, ఒక తీగ, హ్యాండిల్ మీద ఇంకో షిఫ్టర్. ఆ షిఫ్టర్ దగ్గరే థ్రాటిల్, డిస్ప్లే, హారన్ బటన్ ఉంటాయి, ఎడమ బొటనవేలికి చోటు దొరకదు. ముందు డీరైలర్ బలం మీద ఉన్నప్పుడు అసలు మారదు. మారినా చైన్ లోపలికి పడి ఫ్రేముకీ క్రాంక్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. సర్జాపూర్ రోడ్డు పక్కన నల్లటి చేతులతో చైన్ లాగుతున్న మనిషి కనిపిస్తే చాలావరకు కథ ఇదే.

కొండ మీద కన్నున్నవాళ్ళకి

నంది కొండ ఊరికి దాదాపు 60 కిలోమీటర్లు. కొండ కింద నుంచి పైకి ఏడెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు, చివర్లో మలుపులు నిటారుగా ఉంటాయి. ఎత్తు 470 మీటర్లు లేస్తుందనుకుంటే 100 కిలోల బరువుని పైకి చేర్చడానికి ఒక్క రాపిడీ లేకుండానే 128 వాట్-గంటలు కావాలి. 36 వోల్టుల, 7.5 ఆంపియర్-గంటల బ్యాటరీలో మొత్తం ఉండేది 270. మోటార్ నష్టాలు కలిపితే కాలు కదపకుండా పైకి చేరేసరికి బ్యాటరీలో సగానికి పైగా పోతుంది, హబ్ మోటార్ ఐతే ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. కారులో సైకిల్ వేసుకుని కింద దాకా వెళ్ళేవాళ్ళు ఎందుకంతమంది ఉన్నారో ఇప్పుడు తెలిసిపోతుంది.

ఈ పనికి మిడ్ డ్రైవ్, ముందు 38 లేదా అంతకన్నా చిన్న చైన్‌వీల్, వెనక 11-42 పళ్ళ 10 గేర్ల క్యాసెట్ సరైన జోడీ. 8 వేగంలో కాలు 69 చుట్లు తిరుగుతుంది, అంటే మోటార్ కూడా తన మంచి వేగంలోనే ఉంటుంది. కొనేముందు గేరు మారేటప్పుడు మోటార్‌ని అరక్షణం ఆపే షిఫ్ట్ సెన్సర్ ఉందా అని అడగండి. లేకపోతే గేరు మార్చేముందు మీరే కాలు సడలించాలి. సడలించకుండా మార్చినప్పుడల్లా టక్కుమని వినిపించే శబ్దం చైన్ ఆయుష్షు తగ్గుతున్న శబ్దం.

షిమానో 2023లో తెచ్చిన క్యూస్ వరసలో లింక్‌గ్లైడ్ పళ్ళు మందంగా, అరుగుదలకి తట్టుకునేలా చేశారు. మిడ్ డ్రైవ్‌కి అది మంచి ఎంపిక. డబ్బు మాత్రం ఎక్కువే.

హబ్ లోపలే గేర్లుండే రకం కూడా ఒకటుంది, షిమానోదే నెక్సస్, 3, 7, 8 గేర్లతో. సైకిల్ ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు, దుమ్మూ వానా అంటవు. బెంగళూరు సిగ్నళ్ళకి ఇంతకన్నా సరిపోయేది లేదు. కానీ వెనక హబ్‌లో మోటార్ ఉంటే అదే చోట గేర్లకి జాగా ఉండదు, ముందు హబ్ మోటార్ గానీ మిడ్ డ్రైవ్ గానీ ఉండాలి. ఇక్కడి షాపుల్లో అలాంటి సైకిలూ తక్కువే, దాన్ని విప్పగల మెకానిక్కూ తక్కువే.

షాపులో చూడాల్సినవి, తర్వాత చెడిపోయేవి

పళ్ళు లెక్కపెట్టడానికి మొహమాటపడకండి. చాలా పళ్ళచక్రాల మీద అంకె చెక్కి ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి పెద్దదానిదీ చిన్నదానిదీ చూడండి, చైన్‌వీల్‌దీ చూడండి. ట్రయల్‌కి చదునైన వీధి చూపిస్తారు. దగ్గర్లో ఏ ఫ్లైఓవర్ పక్క ర్యాంపో, మిట్టో ఉంటే అక్కడికే తీసుకెళ్ళండి. మోటార్ సాయాన్ని (అసిస్ట్‌ని) సున్నాలో పెట్టి ఒకసారి, సగంలో పెట్టి ఒకసారి ఎక్కి చూడండి. సున్నాలో యాభై మీటర్లయినా ఎక్కలేకపోతే ఆ గేర్లు మీకు చాలవు.

సైకిల్ వెనక కూర్చుని చూస్తే డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు పైనున్న పళ్ళచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. లోపలికి వాలి ఉంటే హ్యాంగర్ వంగింది. డబ్బాలో వచ్చిన సైకిళ్ళలో ఇది మామూలే. వంగిన హ్యాంగర్‌తో మొదటి గేరుకి మారిస్తే డీరైలర్ చక్రం ఆకుల్లోకి (స్పోక్స్‌లోకి) పోతుంది. హబ్ మోటార్ చక్రం ఆకులు పొట్టివి, మందమైనవి. మళ్ళీ అల్లించడానికి అందరి దగ్గరా సామాను దొరకదు.

కొత్తలో గేరు తీగ సాగుతుంది. మొదటి నెలలో గేర్లు టిక్‌టిక్‌మనడం మొదలైతే భయపడక్కర్లేదు. డీరైలర్ దగ్గర తీగ లోపలికి వెళ్ళేచోట ఉండే చిన్న మరని పావు చుట్టు చొప్పున తిప్పి చూడండి. హెచ్, ఎల్ అని రాసున్న స్క్రూలని మాత్రం తెలియకుండా ముట్టుకోకండి.

చైన్ అరుగుదల చూడటానికి స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి పట్టుకుంటే 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య సరిగ్గా పడాలి. అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైన్ మార్చే సమయం దగ్గరపడింది. ఎనిమిదో వంతు దాటితే చైన్‌తో పాటు ఫ్రీవీల్ కూడా మార్చాలి, లేదంటే కొత్త చైన్ పాత పళ్ళ మీద జారుతుంది.

పాత షిఫ్టర్ నచ్చక, బ్రేకూ గేరూ కలిసున్న లివర్లు వేయించుకుంటామంటారు కొందరు. ఈ-సైకిల్ బ్రేక్ లివర్‌లో మోటార్‌ని ఆపే స్విచ్ ఉంటుంది. మామూలు సైకిల్ కోసం చేసిన కలగలుపు లివర్లలో అది ఉండదు. బ్రేక్ పట్టినా మోటార్ ఒక క్షణం లాగుతూనే ఉంటుంది. గేరు షిఫ్టర్ విడిగా ఉన్నదే వేయించుకోండి.

చివరిగా ఫ్రీవీల్ తీసే టూల్. మామూలు సైకిల్ టూల్‌లోని రంధ్రం లావుపాటి మోటార్ ఇరుసు మీదుగా దిగకపోవచ్చు, ఒక్కోసారి వైరు కూడా అటు నుంచే బయటికి వస్తుంది. గోడ పలచగా ఉండి రంధ్రం పెద్దదిగా ఉన్న టూల్ కావాలి. సర్వీసింగ్‌కి ఇచ్చేముందు అది వాళ్ళ దగ్గరుందా అని అడగండి. లేదని తెలిసి సుత్తీ ఉలీ తీస్తుంటే సైకిల్ తిప్పుకుని వచ్చేయండి.